పొందూరు సన్నఖాదీ జాలువారే తీరుకు గణిత నమూనా, దాని మీద రోబస్ట్ కంట్రోలర్: ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో కంట్రోల్ సిస్టమ్స్‌లో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పొందూరు పక్క పల్లె. మా అమ్మమ్మ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికేవారు. ఆ దవడ ముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాని పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది గానీ ఒక్కొక్క పన్ను విడిగా తెలియదు. ప్రాజెక్టుకు ఖాదీని ఎంచుకోవడానికి కారణం అదే.

నేను తయారు చేస్తున్నది గుడ్డను తనిఖీ చేసే చిన్న బల్ల. ముందు రోలరు గుడ్డను వదులుతుంది, వెనుక రోలరు లాక్కుంటుంది. రెంటి మధ్య దూరం 60 సెంటీమీటర్లు. సన్నఖాదీ ఎక్కువ లాగుడుకు తట్టుకోదు కాబట్టి మధ్యలో గుడ్డను బిగించకుండా ఊయలలా వేలాడదీశాను. ఆ ఊయల లోతును కింద ఉన్న అల్ట్రాసోనిక్ సెన్సర్ కొలుస్తుంది. లోతు 12 సెంటీమీటర్ల దగ్గర నిలవాలని, తేడాకు అనులోమంగా వెనుక రోలరు వేగాన్ని సవరిస్తున్నాను. సెంటీమీటరు తేడాకు సెకనుకు 4 సెంటీమీటర్ల చొప్పున వేగం మారుతుంది. లోతు 12 దగ్గర ఉన్నంతసేపూ బాగానే నడుస్తోంది. ఏ కారణం చేతనైనా ఊయల బిగిసి 6 సెంటీమీటర్ల దాకా వస్తే మాత్రం గుడ్డ పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది. పది సెకన్లలో పన్నెండు పదమూడు సార్లు ఊగుతుంది. పోయిన నెల అలా ఊగినప్పుడే ఒకచోట పేక పోగులు జరిగిపోయి, గుడ్డ జల్లెడలా తయారైంది.

గైడ్ గారి సలహా ఏమిటంటే, గుడ్డ మొత్తాన్ని ముద్దలు, స్ప్రింగుల జాలంగా తీసుకుని అది జాలువారే తీరుకు పూర్తి నమూనా కట్టాలి, చేతి నూలు కాబట్టి స్ప్రింగు విలువలన్నింటినీ అనిశ్చితిగా చూపాలి, ఆ పైన హెచ్-ఇన్ఫినిటీ కంట్రోలరు (నమూనాకూ అసలు యంత్రానికీ తేడా ఉన్నా స్థిరత్వం చెడకుండా చూసే రకం) రూపొందించాలి. మూడు నెలలుగా అదే పని మీద ఉన్నాను. డ్రేప్ గుణకం (గుడ్డ ఎంత బాగా మడతలు పడి జాలువారుతుందో చెప్పే అంకె) కూడా కొలిచాను. 18 సెంటీమీటర్ల బిళ్ల మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి ముక్క వేసి, నీడను కాగితం మీద గీసి, కత్తిరించి తూచాను. ఒకే ముక్కను మూడుసార్లు వేస్తే రెండుసార్లు ఆరు మడతలు, ఒకసారి ఏడు మడతలు వచ్చాయి. గుణకమూ మారింది. బల్ల అంచు మీదుగా పట్టీని జరిపి కొలిస్తే గంజి లేని గుడ్డ 4.2 సెంటీమీటర్లకూ, గంజి పెట్టినది 8.4 సెంటీమీటర్లకూ 41.5 డిగ్రీల వాలును అందుకుంది. ఈ అంకెలను అనిశ్చితిగా ఎలా మార్చాలో, అసలు ఈ దారి సరైనదో కాదో పెద్దలు చెప్పగలరు.

పడుగు-పేక (జవాబు)

నేను శ్రీకాకుళంలో ఉంటాను. వస్త్ర పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. కంట్రోలరు సంగతి నాకు తెలియదు గానీ, గుడ్డ గురించి మీరు కొలిచిన అంకెల్లో పనికొచ్చేది ఏదో, పనికిరానిది ఏదో చెప్పగలను.

పట్టీ పరీక్ష మంచిది. 1930లో పియర్స్ గుడ్డ చేతికి తగిలే తీరును అంకెల్లోకి తేవాలని చూసినప్పుడు ఎంచుకున్న పద్ధతి అదే. 41.5 డిగ్రీల దగ్గర వేలాడే పొడవులో సగాన్ని వంపు పొడవు అంటారు. ఆ కోణాన్ని ఎంచుకోవడంలో గూఢార్థం ఏమీ లేదు, లెక్కలో సరిగ్గా సగం వస్తుందనే దాన్ని తీసుకున్నారు. అంటే మీ గంజి లేని గుడ్డ వంపు పొడవు 2.1, గంజి గుడ్డది 4.2. చూడటానికి రెట్టింపే. కానీ వంపు బిరుసు అంటే వంపు పొడవు ఘనాన్ని గుడ్డ బరువుతో గుణించగా వచ్చేది. మీ గుడ్డ చదరపు మీటరుకు 40 గ్రాములు, అంటే చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకుంటే, గంజి లేనప్పుడు బిరుసు 37 మిల్లీగ్రామ్-సెంటీమీటర్లు, గంజితో 296. ఎనిమిది రెట్లు. గంజి బరువును కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. మిల్లు నూలు, చేతి నూలు అనే తేడా కంటే ఈ గంజి తేడా చాలా పెద్దది. అనిశ్చితి అంతా అమ్మమ్మ గారి వడుకులో ఉందని గైడ్ గారు అనుకుంటున్నట్టున్నారు. పాపం, ఆవిడ మీద వేయవలసిన నింద కాదది.

డ్రేప్ గుణకాన్ని మాత్రం పక్కన పెట్టండి. 1960లలో క్యూజిక్ ఆ పరీక్షను స్థిరపరుస్తూ, గుణకం వంపు బిరుసు మీదే కాక కోత బిరుసు మీద కూడా ఆధారపడుతుందని చూపించారు. పడుగు, పేకల మధ్య తొంభై డిగ్రీల కోణం ఎంత తేలిగ్గా మారుతుందో చెప్పేదే కోత బిరుసు. పోగులు సాగవు, కోణం మాత్రమే మారుతుంది అనుకుని గుడ్డ ఒంటిని ఎలా కప్పుతుందో 1878లోనే పారిస్‌లో చెబిషెవ్ లెక్క కట్టి చూపారు. కాగితం బంతిని కప్పలేదు, గుడ్డ కప్పగలదు. అదంతా కోణం చేసే పనే. అయితే మీ బల్ల మీద బంతి లేదు, ఒకే దిశలో వంగే ఊయల మాత్రమే ఉంది.

ఆరు మడతలు, ఏడు మడతల సంగతి ఇంకా ముఖ్యం. అది మీ కొలతలో తప్పు కాదు, నూలులో ఎగుడుదిగుడు వల్ల మాత్రమే వచ్చిందీ కాదు. గుండ్రటి ముక్క బిళ్ల అంచు దాటగానే చుట్టుకొలత ఎక్కువై ముడుచుకోక తప్పదు. ఆరు మడతలతోనూ నిలకడగా ఉండగలదు, ఏడుతోనూ ఉండగలదు. మీరు ముక్కను వదిలిన తీరే ఏదో ఒకదాన్ని ఖాయం చేస్తుంది. ఒకే గుడ్డకు, ఒకే విలువలకు రెండు విశ్రాంతి స్థితులు ఉండటం వేరు, విలువలు సరిగ్గా తెలియకపోవడం వేరు. రెండింటినీ ఒక గాటన కట్టవద్దు.

కొలిచేటప్పుడు తేమ కూడా రాసుకోండి. మన దేశంలో ప్రామాణిక గది 27 డిగ్రీలు, 65 శాతం తేమ. ఆ తేమ దగ్గర నూలు తన పొడి బరువులో ఎనిమిదిన్నర శాతం నీటిని పట్టి ఉంచుతుందని లెక్క వేస్తాం. గంజి గుడ్డను శ్రావణంలో ఒకసారి, మాఘంలో ఒకసారి చేత్తో పట్టుకుని చూసినవారికి దీన్ని వేరే రుజువు చేయనక్కరలేదు.

మైనస్ ఒకటి (జవాబు)

పడుగు-పేక గారి జవాబు చదివాక నా పని సగం తేలికైంది. నేను కంట్రోల్ సిస్టమ్స్ బోధిస్తాను. మీ ప్రశ్నలోని అంకెలతోనే మీ రోగం ఏమిటో చెప్పవచ్చు. అందుకు ఒక్క స్ప్రింగు కూడా అవసరం లేదు.

ఊయలలో ఉన్న గుడ్డ పొడవు ఎంత వేగంగా మారుతుందంటే, ముందు రోలరు వేగంలోంచి వెనుక రోలరు వేగాన్ని తీసివేసినంత. అంటే ఈ వ్యవస్థ సహజంగానే ఒక ఇంటిగ్రేటరు (వేగాల తేడాను కాలంతో పాటు కూడబెట్టేది). ఇక పొడవుకూ లోతుకూ ఉన్న సంబంధం చూడండి. ఊయలను పారాబోలాగా తీసుకుంటే, లోతు వర్గాన్ని ఎనిమిదితో గుణించి, రోలర్ల దూరానికి మూడు రెట్లతో భాగిస్తే అదనపు పొడవు వస్తుంది. మీ 60 సెంటీమీటర్ల దూరానికి 12 లోతు దగ్గర అదనపు పొడవు 6.4 సెంటీమీటర్లు, 6 లోతు దగ్గర 1.6 మాత్రమే. కచ్చితమైన చాపం పొడవుతో పోల్చినా తేడా సుమారు అర సెంటీమీటరే. ఇప్పుడు ఒక సెంటీమీటరు గుడ్డ తగ్గితే లోతు ఎంత తగ్గుతుంది? 12 దగ్గర 0.94 సెంటీమీటర్లు, 6 దగ్గర 1.875. ఈ నిష్పత్తినే గెయిన్ అంటాం. ఊయల బిగిసేకొద్దీ గెయిన్ పెరుగుతుంది, లోతు సగమైతే గెయిన్ రెట్టింపవుతుంది. మీ రోగం ఇక్కడుంది.

ఊపు లెక్క కూడా దీనితో సరిపోతోంది. పది సెకన్లలో పన్నెండు పదమూడు ఊపులంటే ఒక ఊపుకు 0.8 సెకను. ఇంటిగ్రేటరుకు ఆలస్యం తోడైనప్పుడు, స్థిరత్వపు అంచున వచ్చే ఊపు కాలం సరిగ్గా ఆలస్యానికి నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి మీ సెన్సరు, ప్రోగ్రాము, మోటారు కలిసి 0.2 సెకను ఆలస్యం చేస్తున్నాయి. మీ 4ను గెయిన్‌తోనూ ఈ ఆలస్యంతోనూ గుణిస్తే 12 లోతు దగ్గర 0.75 వస్తుంది. ఫేజ్ మార్జిన్ (అస్థిరతకు ఇంకా ఎంత దూరంలో ఉన్నామో చెప్పే కోణం) 47 డిగ్రీలు, ఫరవాలేదు. 6 లోతు దగ్గర 1.5 వస్తుంది. మార్జిన్ 4 డిగ్రీలు. స్థిరత్వానికి హద్దు 1.57. ఇంకో సెంటీమీటరు బిగిసి 5కు వస్తే లబ్ధం 1.8, హద్దు దాటిపోయినట్టే. గుడ్డ జల్లెడ కావడానికి పొందూరు నూలు కారణం కాదు. నైలాను గుడ్డ వేసినా ఊగేది, కాకపోతే పోగులు జరగవు కాబట్టి మీకు తెలిసేది కాదు.

నివారణ సులువు. లోతులో తేడాను కాకుండా లోతు వర్గంలో తేడాను తీసుకోండి. ప్రతిసారీ లోతు వర్గంలోంచి 144 తీసివేసి 0.0444తో గుణిస్తే, ఊయలలో ఎంత పొడవు ఎక్కువగా లేదా తక్కువగా ఉందో నేరుగా సెంటీమీటర్లలో వస్తుంది. దాన్ని 2.5తో గుణించి వేగానికి కలపండి. ఇప్పుడు లబ్ధం ఏ లోతు దగ్గరైనా 0.5. మార్జిన్ 61 డిగ్రీలు, గెయిన్ మూడు రెట్లు దాటితే తప్ప ఊగదు, ఆలస్యం మరో 0.4 సెకను పెరిగినా తట్టుకుంటుంది. ప్రోగ్రాములో మారేది ఒక్క వరుస.

ఇక గైడ్ గారు చెప్పిన దారి గురించి. 1978లో డాయిల్, ఎల్‌క్యూజీ (నమూనా సరైనదేననుకుని రూపొందించే ఒక రకం) కంట్రోలరుకు హామీగా చెప్పదగిన మార్జిన్లు ఏమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు, అలాంటివేవీ లేవని రెండు పేజీల్లో తేల్చారు. 1981లో జార్జ్ జేమ్స్ (Zames) వేసిన పునాది మీద హెచ్-ఇన్ఫినిటీ పద్ధతి పెరిగింది. దాని బలం ఏమిటంటే, అసలు యంత్రం నమూనా నుంచి ఎంత దూరంలో ఉండవచ్చో ఒక హద్దు చెబితే, ఆ హద్దులోని యంత్రాలన్నింటికీ స్థిరత్వం హామీగా ఇస్తుంది. దాని బలహీనతా అదే. హద్దును పెద్దది చేసి ఇస్తే, లేని యంత్రాలకు కూడా హామీ ఇవ్వడం కోసం కంట్రోలరు మందగిస్తుంది. 0.94 నుంచి 1.875 దాకా మారే గెయిన్‌ను నడుమ విలువ నుంచి అటూ ఇటూ 33 శాతం అనిశ్చితి అని రాస్తే సిద్ధాంతం ఒప్పుకుంటుంది. కానీ అది అనిశ్చితి కాదు కదా, ఎనిమిదో తరగతి గణితంతో కచ్చితంగా తెలిసిన విషయం. తెలిసిన దాన్ని తెలియని ఖాతాలో రాసుకుంటే దానికి వడ్డీ కట్టవలసి వస్తుంది.

గంజి వల్ల బిరుసు ఎనిమిది రెట్లు మారుతుందన్న మాట చూసి నేనూ కాసేపు కంగారుపడ్డాను. లెక్క వేస్తే భయం పోయింది. ఊయలలో అడ్డంగా ఉండే లాగుడు, 12 లోతు దగ్గర, సెంటీమీటరు వెడల్పుకు 150 మిల్లీగ్రాములు. 120 సెంటీమీటర్ల పన్నా మొత్తానికి 18 గ్రాములే. బిరుసును ఈ లాగుడుతో భాగించి వర్గమూలం తీస్తే, రోలరు దగ్గర బిరుసు ప్రభావం ఎంత దూరం ఉంటుందో వస్తుంది. గంజి లేకపోతే అర సెంటీమీటరు, గంజితో 1.4 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్లలో అది లెక్కలోకి రాదు. మిగిలినదంతా గొలుసులాగే వేలాడుతుంది, గొలుసు ఆకారం బరువు మీద ఆధారపడదు. మూడు నెలలు మీరు కట్టిన నమూనాలో ఈ యంత్రానికి అక్కరకొచ్చే భాగం ఇంతే అని చెప్పడానికి బాధగానే ఉంది.

గోగునార (జవాబు)

మైనస్ ఒకటి మాస్టారి లెక్క చాలా బాగుంది, అయితే అది సెన్సరు నిజం చెబుతోందన్న నమ్మకం మీద ఆధారపడింది. నేను జిల్లాలోని ఒక జనపనార మిల్లులో ఎలక్ట్రికల్ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. మా గోనె గుడ్డ దళసరి. దాని మీద అల్ట్రాసోనిక్ సెన్సరు బాగానే పనిచేస్తుంది. సన్నఖాదీ అలా కాదు. శబ్దంలో కొంత గుడ్డలోంచి పైకి పోతుంది, కొంత గుడ్డే మింగేస్తుంది, తిరిగి వచ్చేది బలహీనం. పైగా ఊయల అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి సరిగ్గా కింద లేకపోతే ప్రతిధ్వని పక్కకు పోతుంది. నాగావళి గారు బహుశా దాన్ని సరిచేయడానికే నాలుగైదు కొలతల సగటు తీస్తూ ఉంటారు. 0.2 సెకను ఆలస్యంలో మోటారు వాటా ఎంతో, ఆ సగటు వాటా ఎంతో విడదీసి చూడండి. వెలుతురుతో కొలిచే సెన్సరును పక్క నుంచి పెడితే సగటుతో పని ఉండదు.

ఇంకొక మాట. వెనుక రోలరు తర్వాత గుడ్డను చుట్ట చుడుతున్నారా? చుట్ట లావయ్యేకొద్దీ దాని జడత్వం వ్యాసార్ధం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. వ్యాసార్ధం రెట్టింపైతే పదహారు రెట్లు. మా మిల్లులో నిజంగా ఇబ్బంది పెట్టే మార్పు ఇదే, గుడ్డ బిరుసు కాదు. లాగే రోలరునూ, చుట్టే కడ్డీనీ ఒకే మోటారుకు కట్టి ఉంటే ముందు వాటిని విడదీయండి.

నాగావళి ఒడ్డు (ప్రశ్న అడిగినవారు, రెండు వారాల తరువాత)

ముగ్గురికీ ధన్యవాదాలు. గోగునార గారు ఊహించినట్టే నేను ఐదు కొలతల సగటు తీస్తున్నాను. ఆలస్యంలో ఎక్కువ భాగం దానిదే. చుట్టే కడ్డీకి వేరే మోటారు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. లోతు వర్గం పద్ధతి పెట్టాక, కావాలని చేత్తో గుడ్డను లాగి 5 సెంటీమీటర్ల దాకా బిగించినా ఊగడం లేదు, రెండు క్షణాల్లో 12కు తిరిగి వస్తోంది. మూడు నెలల స్ప్రింగుల జాలం చేయలేని పనిని ఒక వరుస చేసినందుకు సంతోషపడాలో, ఏడవాలో తెలియలేదు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. అంచు ఉన్న పంచెల గుడ్డ వేసినప్పుడు ఊయల అడుగు సమంగా ఉండటం లేదు. రెండు అంచులూ పైకి బిగిసి, నడుమ కిందికి జారి, చూడటానికి ఏతాం బానలా ఉంటోంది. సెన్సరు నడుమ ఉంటే 12 చూపుతుంది, అంచు దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే 11.5 ఉంటోంది. ఊయల బిగిస్తే ఈ తేడా ఇంకా పెరుగుతోంది. దీన్నైనా అనిశ్చితి అనవచ్చా?

పడుగు-పేక (జవాబు)

ఇప్పుడు మీరు అసలైన డ్రేప్ సమస్య దగ్గరకు వచ్చారు. అంచులో పడుగు పోగులు దట్టంగా ఉంటాయి, తరచుగా రెండు పేట్లవి ఉంటాయి. అందువల్ల మగ్గం మీద ఉన్నప్పుడూ, తడిసి ఆరినప్పుడూ నడుమ గుడ్డలా కాకుండా వేరుగా ముడుచుకుంటుంది. మాస్టారి లెక్క ప్రకారమే చూడండి: 12 దగ్గర గెయిన్ 0.94 కాబట్టి, ఊయలలో అంచు పొడవు నడుమ కంటే అర సెంటీమీటరు తక్కువైతే లోతులో సుమారు అర సెంటీమీటరు తేడా రావాలి. మీకు వచ్చింది అదే. 6 దగ్గర అదే అర సెంటీమీటరు పొడవు దాదాపు ఒక సెంటీమీటరు లోతు తేడాగా కనిపిస్తుంది. అంచుకూ నడుమకూ మధ్య ఉన్న గుడ్డ ఆ తేడాను పడుగు-పేకల కోణం మార్చుకుని సర్దుకుంటుంది. కోత బిరుసు పనికి వచ్చేది ఇక్కడే. గంజి గుడ్డలో ఆ కోణం తేలిగ్గా మారదు కాబట్టి బానకు బదులు అంచు పక్కన నిలువు ముడతలు వస్తాయి. ఆ ముడతల సంఖ్య మళ్లీ మీ ఆరు, ఏడు మడతల లాంటిదే, దాన్ని ముందుగా చెప్పాలని ప్రయత్నించకండి.

మైనస్ ఒకటి (జవాబు)

ఇది అనిశ్చితే, నిస్సందేహంగా. ప్రతి తానుకూ, ప్రతి వానకూ మారుతుంది, ముందుగా లెక్క కట్టలేం. అయినా దీనికి కూడా హెచ్-ఇన్ఫినిటీ అక్కరలేదనే నా అభిప్రాయం. మీరు కాపాడవలసింది బాగా బిగిసిన చోటును. 18 గ్రాముల లాగుడును పన్నా అంతా సమంగా పంచుకోకుండా రెండు అంచులే మోస్తే జల్లెడ అయ్యేది అంచు పక్క పోగులే. రెండు అంచుల దగ్గరా, నడుమా మూడు సెన్సర్లు పెట్టి, మూడింటిలో తక్కువ లోతును కంట్రోలరుకు ఇవ్వండి. ఒక సెన్సరు నుంచి ఇంకో సెన్సరుకు మారినప్పుడు వచ్చే చిన్న కుదుపును మీ దగ్గర మిగిలి ఉన్న మూడు రెట్ల గెయిన్ మార్జిన్ భరిస్తుంది.

థీసిస్‌లో హెచ్-ఇన్ఫినిటీ తప్పనిసరిగా ఉండాలని గైడ్ గారు పట్టుబడితే, తానులను మార్చి మార్చి అంచుకూ నడుమకూ ఉన్న పొడవు తేడాను కొలిచి, ఆ కొలతల నుంచే అనిశ్చితి హద్దును తీయండి. అప్పుడు హద్దు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరు అడిగినా చూపించడానికి మీ దగ్గర గుడ్డ ఉంటుంది. కొలతలు వానాకాలం వెళ్లకముందే మొదలుపెట్టండి, సంక్రాంతికి మరోసారి తీసుకోవచ్చు.